పూల కాగితం మీద పుట్టినరోజు ముద్ర తేటగా కనిపించాలంటే ఏం చేయాలి?

కాగితపు_పడవ, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఉండే మా మేనత్తకు వచ్చే నెల అరవై ఏళ్లు నిండుతున్నాయి. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. దుకాణంలో కొన్న కార్డు కాకుండా నా చేతులతో చేసినది పోస్టులో పంపాలని ఉంది.

అడుగు చదరం ఉండే డిజైన్ కాగితాలు మూడు రకాలు తెచ్చాను. ఒకదాని మీద గులాబీ రంగు పెద్ద పూలు. రెండోది నున్నగా మెరిసే చారల కాగితం. మూడోది జైపూరు దగ్గర సాంగానేరులో తయారయ్యే చేతి కాగితం, మామిడి పిందెల డిజైనుతో. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని ఒక రబ్బరు స్టాంపు చేయించాను. చిన్న తామరపువ్వు స్టాంపు కూడా ఉంది.

పూల కాగితం మీద అక్షరాలు పూలలో కలిసిపోతున్నాయి. చేతి కాగితం మీద సిరా పాకి అంచులు ముద్దగా అవుతున్నాయి. చారల కాగితం మీద సిరా అసలు ఆరడం లేదు, వేలు తగిలితే చెదిరిపోతోంది. నా దగ్గర ఉన్నది ఆఫీసుల్లో వాడే ఊదారంగు ప్యాడ్. ఏ కాగితానికి ఏ సిరా వాడాలి, ముద్ర ఎక్కడ వేయాలి? తెలిసినవారు చెప్పండి.

రంగుల_పెట్టె, విజయవాడ

పడవగారూ, మూడు కాగితాలవీ మూడు వేర్వేరు సమస్యలు. పూల కాగితం గురించి నేను చెబుతాను. సిరా సంగతి నీలిసిరాగారు నాకన్నా బాగా చెప్పగలరు.

నిండుగా పూలున్న కాగితం మీద నేరుగా ముద్ర వేయకండి. ఎంత మంచి సిరా అయినా అక్కడ అక్షరం ఓడిపోతుంది. పూల గీతలు, అక్షరాల గీతలు ఒకే మందంలో ఉంటే కన్ను రెండింటినీ విడదీయలేదు. అందుకే ముద్రను విడిగా తెల్లటి లేదా మీగడ రంగు అట్ట ముక్క మీద వేసి, ఆ ముక్కను పూల కాగితం మీద అతికించాలి. పూల కాగితం నేపథ్యంగా నిలుస్తుంది, ముద్ర మాట్లాడుతుంది. నేను చేసే కార్డులన్నింటికీ ఆధారం ఇదే.

కొలతలు ఇస్తాను, రాసుకోండి. ఏ4 అట్టను సగానికి కత్తిరించి, ఆ సగాన్ని మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కార్డు వస్తుంది. సీ6 కవరులో (114×162) హాయిగా పడుతుంది. కార్డు ముఖం మీద అతికించే పూల కాగితాన్ని 99×142 కత్తిరించండి. అప్పుడు నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్ల అంచు సమానంగా మిగులుతుంది. మీ అడుగు చదరపు కాగితం దాదాపు 305 మిల్లీమీటర్లు ఉంటుంది. అడ్డంగా మూడు, నిలువుగా రెండు, మొత్తం ఆరు ముక్కలు వస్తాయి. ఒక్క కాగితంతో ఆరు కార్డులు చేసుకోవచ్చు.

తెల్ల ముక్కకు చుట్టూ మరో రంగు అంచు పెట్టడం మరిచిపోవద్దు. పూలలో కనిపించే రంగుల్లో అన్నిటికన్నా ముదురుదాన్ని ఎంచుకుని, ఆ రంగు అట్టను తెల్ల ముక్క కన్నా ప్రతి వైపూ 2 మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించి కింద పెట్టండి. ఆ సన్నటి ముదురు గీత వల్ల తెల్ల ముక్క పూల మీద తేలిపోకుండా నిలబడుతుంది.

రెండు డిజైన్ కాగితాలు కలిపి వాడాలంటే ఒకటి పెద్ద పూలది, రెండోది సన్న చారలదో చుక్కలదో అయి ఉండాలి. పెద్ద పూల పక్కన పెద్ద మామిడి పిందెలు పెడితే రెండూ పోట్లాడుకుంటాయి.

నీలిసిరా, హైదరాబాద్

ఆఫీసు ప్యాడ్ సిరా ఎండిపోకుండా ఉండటానికి అందులో గ్లిజరిన్ వంటివి కలుపుతారు. కాగితం పీల్చుకుంటేనే ఆ సిరా ఆరుతుంది. నున్నటి పూత ఉన్న కాగితం పీల్చుకోదు. అందుకే చారల కాగితం మీద మీకు ఆరడం లేదు. పైగా ఆ ఊదారంగు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతుంది. అత్తయ్యగారు దాచుకునే కార్డుకు అది వద్దు.

కార్డులకు వాడే సిరాలను ముఖ్యంగా నాలుగు రకాలుగా చూడవచ్చు.

డై సిరా నీళ్ల ఆధారితం. కాగితంలోకి ఇంకిపోతుంది, త్వరగా ఆరుతుంది, సన్న గీతలు చక్కగా పడతాయి. అయితే వెలుతురుకు కొంత వెలుస్తుంది. పిగ్మెంట్ సిరాలో రంగు పొడి కాగితం పైనే నిలుస్తుంది. నెమ్మదిగా ఆరుతుంది కానీ రంగు గాఢంగా, చాలాకాలం ఉంటుంది. ముదురు కాగితం మీద తెల్లటి ముద్ర వేయాలంటే తెల్ల పిగ్మెంట్ సిరాయే దారి. మూడోది సాల్వెంట్ సిరా. గాజు, ప్లాస్టిక్, నున్నటి పూత కాగితం, ఇలా ఏదీ పీల్చుకోని వాటి మీద కూడా ఆరిపోతుంది. జపానుకు చెందిన సుకినెకో వారి స్టేజాన్ ఈ రకమే. మీ చారల కాగితానికి ఇది సరిపోతుంది. కానీ పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులను ఈ సిరా కోసం వాడే ఘాటు క్లీనరుతో తుడవకండి, పాడవుతాయి. రబ్బరు స్టాంపుకు భయం లేదు. నాలుగోది రంగులేని జిగట సిరా. బంగారు పొడి చల్లి కరిగించే పనికి అది వాడతాం.

ఇంకో మాట. స్టాంపును ప్యాడ్ మీద గట్టిగా నొక్కితే సిరా అక్షరాల సందుల్లోకి దిగుతుంది. ‘శు’లో, ‘భా’లో, ‘క్ష’లో గుండ్రటి ఖాళీలు పూడిపోయేది అందుకే. స్టాంపును బల్ల మీద ముఖం పైకి పెట్టి, ప్యాడ్‌ను చేత్తో పట్టుకుని దాని మీద మెల్లగా తట్టండి. ఎక్కడ సిరా అంటింది, ఎక్కడ అంటలేదు అన్నది కంటికి కనిపిస్తుంది. తెలుగు అక్షరాలకు ఈ పద్ధతి తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

కాగితపు_పడవ, రాజమహేంద్రవరం

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ప్యాడ్ తిరగేసి తట్టడం ఇప్పుడే చేసి చూశాను. ‘క్ష’ విడిగా, తేటగా పడింది! చేతి కాగితం సంగతి కూడా ఎవరైనా చెప్పండి. దాన్ని వదులుకోవాలని లేదు. ఆ మామిడి పిందెలు అత్తయ్యకు చాలా ఇష్టం.

పెడన_అచ్చు, పెడన

అమ్మా, మాది కృష్ణా జిల్లా పెడన. మా ఇంట్లో తరతరాలుగా బట్ట మీద చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం చేస్తున్నాం. మీరు చెప్పిన సిరా పాకడం మాకు బట్ట మీద నిత్యం ఎదురయ్యే విషయమే. అందుకే నా వంతు చెబుతాను.

నేత బట్టను అద్దకానికి సిద్ధం చేసేటప్పుడు కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ ముంచి ఎండబెడతారు. కరక్కాయ రంగును పట్టి నిలుపుతుంది. పాలలోని కొవ్వు రంగును పాకకుండా ఆపుతుంది. పాలు సరిగా పట్టని చోట నల్ల గీత బట్ట పోగుల వెంట పాకుతుంది. చేతి కాగితంలోనూ జరిగేది అదే. అది గుడ్డ పీలికల గుజ్జుతో చేసినది. దాని మీద పూత లేకపోతే సిరా నార వెంట పరుగెత్తుతుంది.

కాగితానికి పాలు పనికిరావు, వాసన వస్తుంది. గంజి వాడండి. మన దేశంలో పూర్వం రాతకు వాడిన కాగితాలకు గంజి పట్టించి, ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. మీరూ అదే చేయండి. పలుచటి అన్నం గంజిని బట్టలో వడకట్టండి, మెతుకు రేణువు కూడా ఉండకూడదు. వెడల్పు కుంచెతో ఒక్క పూత ఒకే దిశలో వేయండి. ముందుగా ఒక మూల పరీక్షించండి, ఎందుకంటే కాగితం మీద డిజైను తడికి నిలవని రంగుతో వేసినదైతే కరుగుతుంది. నీడలో ఆరనిచ్చి, కొంచెం చెమ్మ ఉండగానే రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువు వేయండి. పూర్తిగా ఆరాక స్టీలు గ్లాసు అడుగుతో మెల్లగా రుద్దితే నునుపు తేలుతుంది. ఆ తరువాత పిగ్మెంట్ సిరాతో ముద్ర వేస్తే అంచు నిలుస్తుంది.

మీకు చెక్క అచ్చులు దొరికితే తప్పకుండా వాడి చూడండి. మా అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. ముందు చెక్క ముఖాన్ని చదును చేసి, దాని మీద నమూనా దింపి, చిన్న ఉలులతో చెక్కుతారు. పెద్ద అచ్చులకు గాలి పోవడానికి రంధ్రాలు వేస్తారు. గీతకు ఒక అచ్చు, లోపల నింపే ప్రతి రంగుకూ ఒక్కో అచ్చు ఉంటాయి. చీర అంచుకు వాడే సన్నటి అచ్చు ఒకటి, చిన్న బుటా అచ్చు ఒకటి ఉంటే చాలు, మీ కార్డుకు వేరే డిజైన్ కాగితమే అక్కరలేదు.

కానీ ఒక తేడా గుర్తుంచుకోండి. రబ్బరు మెత్తనిది, కాబట్టి దాని కింద బల్ల గట్టిగా ఉండాలి. చెక్క గట్టిది, కాబట్టి దాని కింద మెత్తదనం ఉండాలి. మా అద్దకం బల్లల మీద గోనె, దుప్పట్లు పొరలుగా పరుస్తాం. మీరు పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి, దాని మీద కాగితం పెట్టి, అచ్చును నిలువుగా దించి, వెనుక నుంచి పిడికిలితో ఒక్క పోటు ఇవ్వండి. ఊపవద్దు, జరపవద్దు. రంగును నేరుగా అచ్చుకు పూయకుండా, పళ్లెంలో తడి గుడ్డ పొరల మీద పోసి, ఆ గుడ్డ మీద అచ్చును అద్ది తీయాలి.

బొమ్మల_కొలువు, నెల్లూరు

పెడనగారూ, గంజి సంగతి చదివి మనసు నిండిపోయింది. నా దగ్గర చేతి కాగితం కట్ట వాడకుండా ఉంది. ఈ వారమే మొదలుపెడతాను.

మీరు బట్టకు వాడే నల్ల రంగునే కాగితం మీద వాడవచ్చా?

పెడన_అచ్చు, పెడన

వద్దమ్మా. మా నలుపు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవం నుంచి వస్తుంది. అది కరక్కాయ పట్టిన బట్టను తాకితేనే నల్లబడుతుంది. మామూలు కాగితం మీద తుప్పు రంగులో ఉండిపోతుంది. కరక్కాయ పట్టించిన కాగితం మీద నల్లగానే వస్తుంది కానీ, అందులోని ఇనుము, పులుపు కలిసి కొన్నేళ్లకు కాగితాన్ని తినేస్తాయి. బట్టను తరువాత బాగా ఉతుకుతాం కాబట్టి దానికి అంత బాధ లేదు. కాగితాన్ని ఉతకలేం కదా. పిగ్మెంట్ సిరా గానీ, చిక్కటి పోస్టర్ రంగు గానీ వాడండి.

చత్తాబజారు_పాతకాపు, హైదరాబాద్

అందరూ సిరా గురించి చెబుతున్నారు. నేను అట్ట గురించి చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా శుభలేఖలు అచ్చు వేసే ప్రెస్సులో పనిచేశాను.

కార్డు నిలబడాలంటే మూల అట్ట 250 నుంచి 300 జీఎస్‌ఎం ఉండాలి. అంటే ఒక చదరపు మీటరు అట్ట అన్ని గ్రాములు తూగుతుందన్నమాట. ఇంట్లో ప్రింటర్లకు వాడే కాగితం 75 నుంచి 80 మాత్రమే. దుకాణంలో ఆర్ట్ కార్డు అడిగితే మెరిసే పూత ఉన్నది ఇస్తారు. మీరు మెరుపు లేని మ్యాట్ అట్ట అడగండి.

నార ఏ దిశలో పరుచుకుని ఉందో చూడకుండా అట్టను మడవవద్దు. మేం దాన్ని గ్రెయిన్ అంటాం. అట్టను రెండు చేతుల మధ్య మెల్లగా వంచండి, మడవకుండా. ఒక వైపు సులువుగా వంగుతుంది, రెండో వైపు మొరాయిస్తుంది. సులువుగా వంగిన దిశలోనే మీ మడత గీత రావాలి. అడ్డంగా మడిస్తే మడత మీద నార విరిగి, రంగు అట్టలో తెల్లటి పగుళ్లు కనిపిస్తాయి. దుకాణంలో కార్డు కొన్నప్పుడు మడత దగ్గర చిట్లి ఉండటం చూసే ఉంటారు, కారణం ఇదే.

మడిచే ముందు గీత నొక్కాలి. ప్రెస్సులో క్రీజింగ్ అంటారు. ఇంట్లో అయితే రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు వెంట రెండుసార్లు నొక్కి గీయండి. కింద నాలుగైదు కాగితాలు పరచుకుంటే గాడి బాగా పడుతుంది. నొక్కిన వైపు గాడి, వెనుక వైపు చిన్న గట్టు ఏర్పడతాయి. ఆ గట్టు మడత లోపలికి వచ్చేలా మడవాలి. చాలామంది గాడి లోపలికి వచ్చేలా మడుస్తారు. అలా చేస్తే బయటి పొర సాగి చిట్లుతుంది.

స్టాంపు చేయించేవారికి ఒక సలహా. తెలుగు అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, మందమైన అచ్చుముఖం (ఫాంటు) ఎంచుకోండి. వత్తులు, గుడులు కలిసి ఒక అక్షరంలోనే మూడు అంతస్తులు ఉంటాయి మనకు. ఒకే వరుసలో ఇరికించకుండా ‘పుట్టినరోజు’ పైన, ‘శుభాకాంక్షలు’ కింద రెండు వరుసలు చేయిస్తే ఆ ఎత్తు దొరుకుతుంది.

గోరింట, వరంగల్

డిజైన్ కాగితాల ధర చూసి వెనక్కి తగ్గేవారి కోసం ఒక మాట. ఇంటికి వచ్చిన శుభలేఖలను చూడండి. బంగారు రంగు తీగలు, నెమళ్లు, మెరిసే ఎర్ర కాగితం ఉంటాయి. పెళ్లి అయిపోయాక అవి అటక మీదే కదా ఉండేది. వాటిని కత్తిరించి పుట్టినరోజు కార్డులకు వాడితే ఎంత అందంగా వస్తాయో! మా పిల్లల స్నేహితులకు నేను అవే ఇస్తాను.

బొమ్మల_కొలువు, నెల్లూరు

గోరింటగారూ, మీ మాట నొప్పించాలని కాదు కానీ నా మనసు ఒప్పుకోదు. నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంటికి వచ్చి పిలిచి చేతిలో పెట్టిన కాగితం అది. వినాయకుడి బొమ్మ, వధూవరుల పేర్లు ఉంటాయి. కత్తెర పెట్టడం నా వల్ల కాదు. మా ఇంట్లో దగ్గరివాళ్ల శుభలేఖలన్నీ ఒక పెట్టెలో ఉన్నాయి, అప్పుడప్పుడు తీసి చదువుకుంటాం.

గోరింట, వరంగల్

మీ భావన నాకు అర్థమవుతుంది. నేను దేవుడి బొమ్మ, పేర్లు ఉన్న భాగం ముట్టుకోను. పై కవరు, లోపల డిజైను మాత్రమే ఉన్న పొర తీసుకుంటాను. పక్కింటివారి పెళ్లి కాగితం మరో ఇంట్లో పిల్ల పుట్టినరోజుకు పనికొస్తే అది శుభమే అని నా నమ్మకం. పనికిరాని కాగితాలతో కలిపి తూకానికి వేయడం కన్నా ఇది గౌరవం కాదా?

చత్తాబజారు_పాతకాపు, హైదరాబాద్

ఇద్దరికీ నచ్చే దారి ఒకటి ఉంది. శుభలేఖల ప్రెస్సులో పెద్ద కాగితాలను కొలతకు కత్తిరించినప్పుడు అంచు ముక్కలు రోజూ మిగులుతాయి. మూడు, నాలుగు అంగుళాల వెడల్పు పట్టీలు, అదే బంగారు డిజైనుతో ఉంటాయి. వాటి మీద ఎవరి పేరూ ఉండదు, ఎవరి పసుపూ అంటదు. మీ ఊళ్లో ప్రెస్సుకు వెళ్లి మర్యాదగా అడిగితే తక్కువ ధరకే ఇస్తారు. కార్డు ముఖం 105 మిల్లీమీటర్లే కాబట్టి ఆ పట్టీలు మీకు సరిగ్గా పనికొస్తాయి. అయితే బంగారు రేకు మీద ముద్ర వేయకండి, సాల్వెంట్ సిరా తప్ప ఏదీ నిలవదు.

బొమ్మల_కొలువు, నెల్లూరు

పాతకాపుగారూ, ఇది చాలా మంచి మాట. రేపే అడుగుతాను.

బడిగంట, శ్రీకాకుళం

ప్రాథమిక పాఠశాలలో చదువు చెబుతాను. మా పిల్లలతో ప్రతి నెలా పుట్టినరోజు కార్డులు చేయిస్తుంటాను. వాళ్ల దగ్గర కొన్న స్టాంపులు ఉండవు, ఉండనవసరమూ లేదు.

బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు సిద్ధం. ముదురు బెండకాయ మేలు, లేతది నొక్కగానే నలుగుతుంది. కోసిన ముఖాన్ని పొడి గుడ్డతో అద్ది జిగురు తీసేసి, పోస్టర్ రంగులో ముంచాలి. ఉల్లిపాయ సగంతో వలయాలు వస్తాయి. బంగాళాదుంప సగం మీద ఏ ఆకారమైనా చెక్కవచ్చు, కానీ ఆ పూటకే పనికొస్తుంది.

చాలాకాలం ఉండాలంటే రబ్బరు మీద చెక్కడమే. పెన్సిల్ గీతలు చెరిపే పెద్ద తెల్ల రబ్బరు చాలు. పలుచటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో ముదురుగా బొమ్మ గీయండి. ఆ కాగితాన్ని గీసిన వైపు రబ్బరు మీదకు బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ తలకిందులుగా, అంటే అద్దంలో కనిపించినట్టుగా, రబ్బరు మీదకు దిగుతుంది. చెక్కి ముద్ర వేస్తే మళ్లీ సరైన వైపు వస్తుంది. అక్షరాలకు ఇది చాలా ముఖ్యం. నేరుగా రబ్బరు మీద ‘అ’ రాసి చెక్కితే ముద్రలో అది తిరగబడుతుంది. చెక్కే కట్టర్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. గీత పక్క గోడను ఏటవాలుగా, అడుగు భాగం వెడల్పుగా ఉండేలా కోయాలి. నిట్టనిలువుగా లోపలికి కోసేస్తే సన్న గీతలు ఊగి విరిగిపోతాయి.

డిజైన్ కాగితం కూడా పిల్లలే చేసుకుంటారు. స్టాంపుకు సిరా పట్టించి ముందు పాత కాగితం మీద ఒకసారి వేసి, మళ్లీ సిరా పట్టించకుండా అసలు కాగితం మీద వేయాలి. రెండో ముద్ర లేతగా పడుతుంది. అలా కాగితమంతా లేత పూలు వేశాక, అదే సిరాను నిండుగా పట్టించి మధ్యలో ఒక్క ముద్ర వేస్తే అది స్పష్టంగా పైకి వస్తుంది. పడవగారూ, మీ తామరపువ్వు స్టాంపుతో ఇలా నేపథ్యం చేసుకోవచ్చు. రంగు ఒకటే కాబట్టి అక్షరాలతో గొడవ ఉండదు.

డాలస్_వేపచెట్టు, అమెరికా

ఇక్కడి నుంచి రెండు మాటలు. అమెరికాలో కాగితం కొలత వేరు: ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. దాన్ని సగం చేసి మడిస్తే నాలుగుంపావు, అయిదున్నర అంగుళాల కార్డు వస్తుంది. ఇక్కడ అమ్మే కవర్లు చాలావరకు ఆ కొలతకు ఉంటాయి. మన దేశంలో ఉన్న బంధువులు ఇక్కడి నుంచి సామాను తెప్పించుకునే ముందు ఇది చూసుకోండి. ఆ కార్డు సీ6 కవరులో పడుతుంది కానీ చుట్టూ ఖాళీ సమానంగా ఉండదు.

ఇక్కడ పోస్టులో చదరపు కవరుకు అదనపు రుసుము పడుతుంది, యంత్రంలో సరిగా వెళ్లదని. అందుకే నేను చదరపు కార్డులు చేతికి ఇచ్చేవారికే చేస్తాను.

ముద్ర ఒక్కసారికి సరిగా పడకపోతే మళ్లీ అదే చోట వేయడానికి ఇక్కడ ప్రత్యేకమైన పలకలు అమ్ముతారు, ధర ఎక్కువ. పాత సీడీ డబ్బా అదే పని చేస్తుంది. కింది భాగంలో కాగితాన్ని మూలకు ఆనించి టేపుతో బిగించాలి. పిడి లేని పలుచటి స్టాంపును పారదర్శకమైన పైమూతకు లోపలి వైపు అంటించాలి. సిరా అద్ది మూత మూసి నొక్కాలి. సరిగా పడని చోట మళ్లీ సిరా అద్ది మూత మూస్తే వెంట్రుక వాసి తేడా లేకుండా అదే చోట పడుతుంది. చేతి కాగితం గరుకుగా ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు వేయాల్సి వస్తుంది. అక్కడ ఇది ఎంతో ఉపయోగం. చెక్క పిడి ఉన్న స్టాంపుకు మాత్రం కుదరదు.

కాగితపు_పడవ, రాజమహేంద్రవరం

ఒక్కొక్కరి మాటా రాసుకుంటున్నాను. నా రబ్బరు స్టాంపు పిడి ఊడదీయవచ్చు, సీడీ డబ్బా కూడా ఉంది. నీలిసిరాగారూ, బంగారు పొడి చల్లి కరిగిస్తామన్నారు కదా, అది ఎలాగో చెబుతారా? అక్షరాలు బంగారు రంగులో ఉబ్బెత్తుగా వస్తే అరవయ్యో పుట్టినరోజుకు నిండుగా ఉంటుందని ఆశ.

నీలిసిరా, హైదరాబాద్

తప్పకుండా వస్తుంది, ఆ పనిలో ఉన్న ఆనందం వేరు. పొడి కరిగి ఒక్కసారిగా మెరిసే క్షణం కోసమే నేను మళ్లీ మళ్లీ చేస్తుంటాను.

ముందుగా అట్ట ముక్క మీద కొంచెం టాల్కం పౌడరును పలుచటి గుడ్డ మూటలో కట్టి తట్టండి. చేతి చెమ్మకు పొడి అక్కడక్కడ అంటుకోకుండా ఆపేది ఇదే. ఈ మెట్టు వదిలేస్తే అక్షరాల చుట్టూ బంగారు చుక్కలు మిగిలిపోతాయి. తరువాత జిగట సిరాతో ముద్ర వేయండి. వెర్సామార్క్ వంటిది అయినా, మామూలు పిగ్మెంట్ సిరా అయినా సరే, ఆరకముందే పొడి చల్లాలి. డై సిరా చల్లే లోపే ఆరిపోతుంది, దానితో కుదరదు. మిగిలిన పొడిని మడత కాగితం మీదకు దులిపి సీసాలో పోసుకోండి.

వేడికి హీట్ గన్ (బాగా వేడి గాలి వదిలే పరికరం) ఉంటే మేలు. జుట్టు ఆరబెట్టే యంత్రం పనికిరాదు. దాని గాలి పొడిని ఎగరగొడుతుంది, వేడి చాలదు. హీట్ గన్ లేకపోతే వేడెక్కిన ఇస్త్రీ పెట్టెను కదలకుండా నిలబెట్టి, అట్టను పటకారుతో పట్టుకుని వెనుక వైపు నుంచి వేడి తగిలేలా దానికి దగ్గరగా పట్టుకోవచ్చు. పొడి మెరిసిన వెంటనే తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే పొడి కాగితంలోకి ఇంకి మెరుపు పోతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇదంతా తెల్ల ముక్క మీద విడిగా చేసి, చల్లారాకే కార్డుకు అతికించండి. అతికించాక వేడి చేస్తే జిగురు వదులుతుంది, అట్ట వంకర పోతుంది. అతికించడానికి తెల్లటి ద్రవ జిగురు వద్దు, దానిలోని నీటికి పలుచటి డిజైన్ కాగితం ముడతలు పడుతుంది. రెండు వైపులా అంటే టేపు గానీ గట్టి జిగురు కడ్డీ గానీ వాడండి.

ఉత్తరాల_సంచి, అనంతపురం

తపాలా శాఖలో పనిచేసి విరమణ పొందాను. చేతితో చేసిన కార్డు సంచిలో కనిపిస్తే మాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. అది నలగకుండా చేరాలనే తాపత్రయంతో రాస్తున్నాను.

సాధారణ ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములు. రంగుల_పెట్టెగారు చెప్పిన కొలతకు లెక్క వేశాను. 300 జీఎస్‌ఎం మూల అట్ట 9.3 గ్రాములు. పూల కాగితం 150 జీఎస్‌ఎం అయితే 2 గ్రాముల పైన. తెల్ల ముక్క, దాని కింది రంగు అట్ట కలిపి 2 గ్రాములు అనుకుందాం. కవరు దాదాపు 5. అంతా కలిపి 18, 19 గ్రాముల దగ్గర ఆగుతుంది. పూసలు, రాళ్లు, లోహపు గుండీలు అతికిస్తే 20 దాటుతుంది. బరువు కన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ముద్ర వేసే యంత్రంలో ఆ ఉబ్బు దగ్గర కవరు చిరుగుతుంది. కార్డు సమతలంగా ఉంచండి. ఎవరైనా రాళ్లు పెట్టి తీరాలనుకుంటే గట్టి కవరులో స్పీడ్ పోస్టు చేయండి.

చిరునామాను మెరిసే జెల్ పెన్నుతో రాయకండి. బాల్ పెన్నుతో, పిన్‌కోడుతో సహా, తెల్లటి చీటీ మీద రాసి అతికించండి.

కాగితపు_పడవ, రాజమహేంద్రవరం

నిర్ణయించుకున్నాను. మీగడ రంగు మూల అట్ట, దాని మీద గంజి పట్టించిన మామిడి పిందెల చేతి కాగితం. పిందెల మూలన తామరపువ్వు ముద్ర ముదురు ఎరుపు పిగ్మెంట్ సిరాతో. మధ్యలో తెల్ల ముక్క మీద బంగారు అక్షరాలు, చుట్టూ సన్నటి మెరూన్ అంచు. గులాబీ పూల కాగితం కవరు లోపల అస్తరుగా వేస్తాను.

ఒక్క అనుమానం మిగిలింది. గంజి పూసిన కాగితానికి పురుగు పట్టదా? అత్తయ్య దీన్ని చాలా ఏళ్లు దాచుకుంటుందని తెలుసు.

చత్తాబజారు_పాతకాపు, హైదరాబాద్

మంచి ప్రశ్న అమ్మా. గంజి ఉన్న చోటికి పుస్తకాల పురుగు వస్తుంది. పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేది అందుకే. కానీ అది విషం, పైగా కాగితానికి పచ్చటి మరక పడుతుంది. చేతుల్లోకి తీసుకుని చూసే కార్డుకు అసలు వద్దు. పటిక కూడా కలపవద్దు, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పెళుసు బారుతుంది.

గంజి పూత ఒక్కటే వేయండి, పలుచగా. రెండో పూత వద్దు. కాగితం లోపలి తడి కూడా పూర్తిగా ఆరే వరకు అట్టకు అతికించకండి. వాన పట్టిన రోజుల్లో ఆ పని పెట్టుకోవద్దు. అత్తయ్యగారికి ఫోనులో చెప్పండి, విశాఖ సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ కాబట్టి గోడ అలమరలో కాకుండా మూత బిగువుగా ఉండే డబ్బాలో పెట్టుకోమని. నాలుగు ఎండిన వేపాకులు విడిగా కాగితంలో చుట్టి పక్కన ఉంచితే సరిపోతుంది, ఆకులు నేరుగా కార్డుకు తగలకూడదు.

పెడన_అచ్చు, పెడన

పాతకాపుగారి మాటకు నాది ఒకటి కలుపుతాను. గంజి చల్లారిన వెంటనే పూయండి, రాత్రంతా ఉంచినది పులుస్తుంది. పులిసిన గంజి వాసనకే పురుగు ముందు వస్తుంది. కార్డు పూర్తయ్యాక ఫొటో ఇక్కడ పెట్టండమ్మా, పిందెల అంచు ఎలా నిలిచిందో చూడాలని ఉంది.